బెంచీ కింద పెట్టె

అన్న చేసింది క్షమించరాని పని. తమ్ముడి భార్య చనిపోయిన వారంలోనే, అతను ప్రెస్సుకి వెళ్ళిన పూట చూసి, ఆ స్పీకరు పెట్టెను పాత సామాన్లవాడికి అమ్మేశాడు.

సాయంత్రం వచ్చి చూస్తే మూల బోసిగా ఉంది. పెట్టె ఉన్నంత మేరా నేల రంగు వెలిసిపోకుండా మిగిలింది.

"అది నీకెందుకురా?" అన్నాడు అన్న, తువ్వాలు మడత పెడుతూ. "మరదలి కోసం ఉంచావు. ఆవిడే లేనప్పుడు ఇల్లంతా అడ్డం తప్ప దేనికి?"

ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరి వాటాల మధ్య ఒకటే గోడ. ఆ అన్న కంటే ఆ గోడే నయమనిపించింది.

ప్రెస్సులో షిఫ్టు దిగగానే, చేతులకంటిన సిరా కూడా కడుక్కోకుండా పాత సామాన్ల కొట్లు తిరిగాడు. ఫ్యాన్లున్నాయి, సైకిళ్ళున్నాయి, కాళ్ళు విరిగిన కుర్చీలున్నాయి. ఆ పెట్టె లేదు. నిద్ర కరువైంది. ఆకలి చచ్చింది. ఒక్కో రోజు ఆమె మొహం కూడా సరిగ్గా గుర్తుకు రావడం మానేసింది. పెట్టె దొరికితే ఆమె కొంతైనా మిగిలినట్టు. దొరక్కపోతే ఇంకేమీ లేనట్టే.

ఆఖరికి రైలుగేటు పక్క కొట్లో, ఇనప బీరువాల వెనక కనిపించింది. ముందువైపు గుడ్డకి ఆమె పాత తెర ముక్కతో వేసిన మాసిక చూసి గుర్తుపట్టాడు. అక్కడే కూలబడి రెండు చేతులా వాటేసుకున్నాడు.

కొట్టువాడు దుమ్ముకి మూతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. వెనక నుంచి ఏం కావాలని అడిగాడు. మళ్ళీ అడిగాడు. విసిగిపోయి వచ్చి భుజం తట్టాడు.

"ముందా గుడ్డ తీసి మాట్లాడు" అన్నాడు అతను గట్టిగా.

"భలేవాడివే పెద్దాయనా. పిలిస్తే పలకవు, పైగా దబాయింపొకటి."

గుడ్డ కిందికి లాగి, ఆ పెట్టె అమ్మకానికి లేదన్నాడు. మంచి టేకు చెక్క. పగలగొట్టి ఇస్తానని వడ్రంగికి మాటిచ్చేశాడు. పొద్దున్నే వస్తాడు.

"ఒక్కసారి పాట పెట్టు. ఒక్కసారే. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఇందులో ఏముందని అంత?"

అప్పుడు చెప్పాడు. ఆమెకు తప్ప ఇంకెవరికీ చెప్పని ముచ్చట, ఆ పెట్టె కోసం ఒక పరాయివాడికి చెప్పాడు.

అప్పుడతనికి పదహారేళ్ళ వయసు. వీధి చివర సెలూను. దాని యజమానికి నున్నటి బట్టతల, అందుకే అందరూ జులపాల మామ అనేవారు. ఆ మామకి ఎవరో ఓడలో పనిచేసేవాడు ఒక రాక్ బ్యాండు రికార్డు ఇచ్చిపోయాడు. అట్ట మీద నలుగురు జుట్టు పెంచిన కుర్రాళ్ళు, ఇటుక గోడకి ఆనుకుని. సెలూను ఇరుకు. స్పీకరు పెట్టెకి చోటు లేక, జనం కూర్చునే బెంచీ కిందికి తోశాడు మామ.

ఆ బెంచీ మీద అతను తన వంతు కోసం కూర్చున్నాడు. మామ రికార్డు మీద ముల్లు పెట్టాడు.

బెంచీ ఊగిపోయింది. డ్రమ్ము తొడల్లోంచి వెన్నులోకి పాకింది. లావు తీగల గిటారు కడుపులో సుడి తిరిగింది. వంతు వచ్చినా లేవలేదు. వెనకవాణ్ణి పంపాడు. ఆ వెనకవాణ్ణీ పంపాడు. సెలూను మూసేదాకా కదల్లేదు. అన్నాళ్ళూ బతికింది బతుకే కాదనిపించింది.

మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. ఊరికే కూర్చోనివ్వరు కదా, వెళ్ళినప్పుడల్లా కాస్త జుట్టు తీయించుకున్నాడు. నెల తిరిగేసరికి గుండు తేలింది.

"ఇంక చెవులే మిగిలాయిరా అల్లుడూ. అవీ కోసెయ్యనా?" అన్నాడు మామ.

"కోసుకో మామా. అవి నాకెందుకు?"

సెలూనంతా నవ్వింది. నేల మీది జుట్టు ఊడుస్తున్న మామ కూతురు మాత్రం నవ్వలేదు. చీపురు పక్కన పెట్టి, అతని ఎదురుగా వచ్చి నిలబడి, నడుస్తున్న పాటను పెదవులతో పలికింది. ఇద్దరికీ అర్థం కాని పరాయి మాటలు. ఆ బ్యాండు పాటలన్నీ అతను ఆ పెదవుల మీదే నేర్చుకున్నాడు. మామ మాటవరసకి పిలిచిన పిలుపు నిజమైంది. పెళ్ళికి పెట్టెను వాళ్ళకే ఇచ్చేశాడు. అప్పటి నుంచీ రోజూ పొద్దుగూకే వేళ మొగుడూ పెళ్ళాం దానికి వీపులానించి కూర్చునేవారు.

కొట్టువాడు మెత్తబడ్డాడు. తీగలు తెచ్చి, పెట్టెను వెనక్కి తిప్పాడు.

వెనక చెక్క లేదు. లోపల ఏమీ లేదు. అయస్కాంతం కోసం ఎవరో స్పీకరును ఊడబెరుక్కుపోయారు.

అతను ఆ ఖాళీలోకి భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు.

"ఇంకోటి బిగించు బాబూ. ఏదైనా సరే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

అంత పెద్ద స్పీకర్లు ఇప్పుడెక్కడా రావడం లేదన్నాడు కొట్టువాడు. పాపం అనుకుని ఫోను తీశాడు. బ్యాండు పేరడిగి వెతికాడు. అదే ఇటుక గోడ, అదే నలుగురు. పాట నొక్కి ఫోను అతని చేతిలో పెట్టాడు. కొట్టువాడి తల లయగా ఊగింది. దారినపోయే ఒకావిడ గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూసి నవ్వింది.

అతను ఫోనును అరచేతుల మధ్య అదిమాడు. రొమ్ముకి ఆనించుకున్నాడు. దవడకి నొక్కుకున్నాడు. ఈగ రెక్క కొట్టుకున్నంత అదురు కూడా లేదు.

"అదే బ్యాండు, అదే పాట. ఇంకేం కావాలి పెద్దాయనా?"

అతను ఫోను బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

ఇంటి దగ్గర అన్న ఎదురొచ్చి, దొరికిందా అని అడిగాడు. అతను తప్పుకుని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఐదో ఏట వచ్చిన జ్వరంలో రెండు చెవులూ పోయినవాడు ఆ పాటల్ని దేంతో విన్నాడో, ఆ ముచ్చట బతికున్నన్నాళ్ళూ ఇంకెవరి దగ్గరా ఎత్తలేదు.