రెక్క కింద మీట

శ్రావణం వెళ్లిపోతోంది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ చెరువుకు వలస బాతులు రావడం మానేసి చాలా ఏళ్లయింది. చూడవచ్చినవాళ్లు ఉసూరుమనకుండా ఇప్పుడు మరబాతులే నీళ్లలో ఈదుతున్నాయి. పొద్దు వాలగానే అవి ఒడ్డుకొచ్చి ఛార్జింగు గట్టు మీద వరస కడతాయి. చెంచమ్మ ఒక్కోదాన్నీ తడిగుడ్డతో తుడిచి, రెక్క కింద మీట నొక్కి ఆపేస్తుంది.

ఆ సాయంత్రం వరసలో చివరిదానికి మీట దొరకలేదు. ఎత్తి పట్టుకుని వెతుకుతుంటే అది ఆమె చేతిలో వెచ్చగా రెట్ట వేసింది.

"సార్! ఇది నిజం పిట్ట సార్!"

సూపర్‌వైజర్ మస్తానయ్య కుర్చీలోంచి లేవలేదు.

"కొత్త మోడలమ్మా. రెట్ట పడితేనే చెరువు నీళ్లు పైరుకు బలమని రైతులు గొడవ చేస్తే అది గూడా పెట్టినారు. షెడ్డుకు తీసకపో, పొట్ట విప్పి చూస్తారు."

ఆమె దాన్ని గుండెకు హత్తుకుని బయలుదేరింది. లోపలేదో దడదడా కొట్టుకుంటోంది.

"గుండె గూడా పెట్టినారా సార్?"

"ఏమోనమ్మా. నాతో చెప్పలా."

షెడ్డు గుమ్మంలో ఆమెకు కాళ్లు సాగలేదు. ఏమైతే అదైందని చేతులు వదిలేసింది. బాతు చెరువు మీదికి లేచి గట్టిగా ఒక్క అరుపు అరిచింది.

ఇందాక ఆమె మీట నొక్కి ఆపేసిన బాతులన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. బిలబిలమంటూ లేచి, దాని వెనకే ఎగిరిపోయాయి.

మస్తానయ్య కుర్చీలోంచి లేచి ఖాళీ గట్టు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"సార్," అంది చెంచమ్మ, "ఇన్నాళ్లూ నేను ఆపింది దేన్ని సార్?"