వాగు దాటే జీపు

"ఈ రాడ్డు గుంజితే నాలుగు చక్రాలు లాగుతయన్నా. వాగుల గూడ ఆగదు," అన్నాడు నారాయణగూడలో పాత జీపులమ్మే ఆసామి.

ఊరి వాగు దాటే బండి కోసం వచ్చిన ఆశన్నకు ఇదే మొదటి బేరం. వెంట కొడుకు కళ్యాణ్, మెకానిక్ గణేశ్.

గణేశ్ జీపు కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. "ముందు చక్రాలను తిప్పే షాఫ్టే లేదు. పీకేసిండ్రు. రాడ్డు ఉత్తగనే కదుల్తది."

"డీజిల్ కలిసొస్తదని అందరు పీకేటిదే గదనే. సిటీల దానితోటి ఏం పని?" ఆసామి నవ్వాడు.

ఆశన్న కొడుకు వైపు చూడలేకపోయాడు. పోయిన వానల్లో, పురిటి నొప్పులు పడుతున్న తన భార్య స్వర్ణను కిరాయి జీపులో తీసుకుపోతూ కళ్యాణ్ వాగులో ఇరుక్కున్నాడు. ఇట్లాంటి రాడ్డే ఎంత గుంజినా బండి కదల్లేదు. స్వర్ణ దక్కలేదు. నడపరాక పెండ్లాన్ని చంపుకున్నాడని ఊరంతా అన్నది. వాడూ అదే నమ్మాడు.

కళ్యాణ్ వంగి జీపు కిందికి చూసి, తండ్రి వైపు తిరిగాడు.

"నాయినా, ఆ కిరాయి జీపు కిందికి ఎవ్వరం చూడలే."