ప్రాంప్టింగ్ పెద్దమ్మ

"కట్!"

ఆ మాట అన్నది డైరెక్టర్ కాదు, హీరోయిన్.

"పెద్దమ్మగారూ, కాగితంలో ఉన్నది చదవడానికి కూడా అంత ఆలోచనా? మీరు నసిగేలోపు నా కన్నీళ్లు ఆరిపోతున్నాయి!"

యూనిట్ మొత్తం గొల్లున నవ్వింది.

కెమెరా పక్కన స్టూలు మీద కూర్చున్న ప్రాంప్టింగ్ పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"తప్పయిందమ్మా. ఈసారి తొందరగా అందిస్తాను."

డైలీ సీరియల్‌లో డైలాగులు కంఠతా పట్టే తీరిక ఎవరికుంటుంది? కెమెరా వెనక నుంచి ఒకరు చదివి అందిస్తుంటే, ముందున్నవాళ్లు అవే మాటలు కళ్లనీళ్లతో అప్పజెబుతారు. మూడేళ్లుగా హీరోయిన్ ఒక్క కాగితం ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా ఉత్తమ నటి అవార్డు ఇంటికొచ్చింది.

సీరియల్‌లో చనిపోయిన తల్లి ముందు ఆమె అన్న మాట ఊరందరి నోటా ఉంది. బజారులో ఆడవాళ్లు చెయ్యి పట్టుకుని మరీ అనిపించుకునేవాళ్లు.

"అమ్మా, నన్ను తిట్టిన తిట్లన్నీ ఇంకొక్కసారి తిట్టవూ!"

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ మళ్లీ ఒకచోట ఆగింది.

హీరోయిన్ విసురుగా మేకప్ రూములోకి వెళ్లి తలుపేసుకుంది.

"ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

మర్నాడు ఆ స్టూలు మీద కొత్తమ్మాయి కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు టపటపా చదివేసింది. అందరికీ ప్రాణం హాయిగా ఉంది.

రెండు నెలలు తిరక్కుండానే సీరియల్ నీరుగారిపోయింది. హీరోయిన్ ఏడుపు మొదలెడితే జనం ఛానల్ మార్చేస్తున్నారు. ఆమె పాత్రను చంపేసి కథ ముందుకు నడపమని పైనుంచి కబురొచ్చింది.

ఆమె నేరుగా రచయిత మీద విరుచుకుపడింది.

"ఏమైందండీ మీ కలానికి? ఆ తిట్ల డైలాగు లాంటిది ఇంకొక్కటి రాయలేరా?"

రచయిత తల గోక్కున్నాడు.

"అది నేను రాయలేదు మేడమ్. 'నన్ను అనాథను చేసి పోయావా' అని రాశాను. పెద్దమ్మ ఆగి, అలా మార్చి అందించింది. మీరు అనేశారు. డైరెక్టర్ గారు భేష్ అన్నారు. పేరొస్తోంది కదా అని నేను నోరు మూసుకున్నాను."

"మరి మిగతావి?"

"జనానికి గుర్తున్నవన్నీ ఆవిడవే మేడమ్."

హీరోయిన్‌కు తల కొట్టేసినట్టయింది. పాత్ర సంగతి తర్వాత, ముందు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

అడ్రసు కనుక్కుని ఆ సాయంత్రమే వెళ్లింది. రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన కూతురు ఆమెను చూసి కంగారుపడిపోయింది.

"అమ్మ పోయి తొమ్మిది రోజులైందండీ."

హీరోయిన్ గుమ్మంలోనే కూలబడింది.

"నా గురించి... ఏమైనా అనేదా?"

"అయ్యో, మిమ్మల్ని పల్లెత్తు మాట అననిచ్చేది కాదు!"

కూతురు మంచినీళ్లు తెచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

"నలభై ఏళ్లు సినిమాల్లో చేసిందండీ అమ్మ. ఎప్పుడూ వెనకాల గుంపులోనే. ఒక్క డైలాగైనా ఇచ్చిన పాపాన పోలేదు ఎవరూ. ఆ దిగులుతో మతి చలించిందేమో పాపం. టీవీలో మీరు మాట్లాడినప్పుడల్లా 'ఒసే, ఆ మాట నాదేనే' అని చిన్నపిల్లలా మురిసిపోయేది... మేమందరం నవ్వేవాళ్లం."