గోడకు ఆనించిన గ్లాసు

"ఆ బెండు పలకలు ఇప్పుడే ఊడదీయించండి!" అంటూ ఓర్తెన్సియా, ఖాళీ గాజుగ్లాసు చేతబట్టుకొని, పక్కవాటా తలుపు బాదింది.

మనోవైద్యురాలు గ్రసియేలా తలుపు తీసింది. "నా గదిలో, నా గోడకు, మాటలు బయటికి పోకుండా వేయించుకున్నానమ్మా. మీకేం ఇబ్బంది?"

"ఒక్క ముక్క వినబడి చావడం లేదు!"

బ్యూనస్ ఐరిస్‌లో మనోవైద్యుల దగ్గరికి వెళ్లడం క్షవరానికి వెళ్లినంత మామూలు సంగతి. ఇంకొకరి వైద్యాన్ని గోడకు గ్లాసు ఆనించి వినడం మాత్రం అక్కడ కూడా సిగ్గుమాలిన పనే. ఓర్తెన్సియాకు ఆ సిగ్గు లేశమైనా లేదు.

"మంగళవారం అయిదు గంటలకు వస్తాడే, ఆయన సంగతొక్కటి చెప్పండి, చాలు. ఈ వారం భార్యతో మనసు విప్పి మాట్లాడతానని ఏడ్చాడు కదా. మాట్లాడాడా, లేదా?"

"ఇక్కడ ఒకరు చెప్పుకున్నది ఇంకొకరికి చెప్పను."

"నేను ఇంకొకరినా? ఏడాదిగా వింటున్నాను! మీరు ఆయనకు చెప్పినవన్నీ నేనూ చేశాను. రోజూ గంటసేపు నడవమన్నారు. నడిచాను. మోకాలు బూరెలా పొంగింది!"

"అది ఆయన బాధను బట్టి చెప్పిన మాట. మీ బాధ వేరు. దానికి మీరే వచ్చి కూర్చోవాలి."

"నాకేం రోగమని?"

"రోగమే ఉండనక్కర్లేదు. ఇంట్లో మనిషిని వదిలేసి గోడతో కాపురం చేస్తున్నారు. రావడానికి అది చాలు."

"ఇంట్లో ఉన్నది మనిషా? మా ఆయన ఆన్సెల్మో బండరాయి, తల్లీ! ఊకొట్టడం తప్ప తొమ్మిదేళ్లుగా మాటా పలుకూ లేదు. గొంతెలా ఉంటుందో కూడా మరిచిపోయాను. మరి ఆ అయిదు గంటలాయన! భార్య నవ్వు గురించి ఎంత ముద్దుగా చెబుతాడు! అలాంటివాణ్ని నోరెత్తనివ్వని ఆ గయ్యాళి నా కంటబడాలి, జుట్టు పట్టుకొని నాలుగంతస్తులూ ఈడుస్తాను."

గ్రసియేలా గడియారం చూసింది. "అయిదవుతోంది. దయచేసి వెళ్లండి."

"వెళ్లను. ఆయన్నే అడుగుతాను."

లిఫ్టు తలుపు కిర్రుమంది. ఓర్తెన్సియా గబగబా జుట్టు సవరించుకొని, మెడ నిటారుగా పెట్టి, అటు తిరిగింది.

"ఈ వారం కూడా మా ఆవిడతో మాట్లాడలేకపోయాను, డాక్టరమ్మా," అంటూ తల వంచుకొని లిఫ్టు దిగినవాడు ఆన్సెల్మో.