అడిక్‌మెట్‌లో మంచు చిరుత

కమలాకర్ తన రిపోర్టులో రాసిన చోటు అక్షాంశ రేఖాంశాలను అతని పీహెచ్‌డీ గైడు హెలెన్ ఫోనులో కొట్టి చూసింది. హిమాలయాల మీద తేలాల్సిన చుక్క అడిక్‌మెట్‌లో, అతను అద్దెకుంటున్న రూము మీద తేలింది.

అంటే కొండల దాకా వెళ్ళనే లేదన్నమాట. మంచు చిరుత ఫోటోలు ఎక్కడివో ఏరుకొచ్చి, తార్నాకలో చాయ్ తాగుతూ రిపోర్టు రాసేశాడన్నమాట. వెంటనే యూనివర్సిటీలోని తన గదికి పిలిపించింది.

"కెమెరాలు ఎక్కడ పెట్టావయ్యా? నీ మంచం కిందా?"

"కొండల్నే పెట్టిన మేడం. చోటు మాత్రం కావాలనే తప్పు రాసిన."

"తప్పు రాయాల్సిన అవసరం ఏమొచ్చింది?"

కమలాకర్ ల్యాప్‌టాప్ తెరిచి ఒక ఫోటో చూపించాడు. "పోయినేడు మీ రీసెర్చ్ పేపర్‌ల మ్యాపు వేసి చూపించిన గుహ ఇదే. తల్లి చిరుత కోసం కెమెరా పెడితే వీళ్లు పడ్డరు."

గుహ ముందు ఇద్దరు మనుషులున్నారు. ఒకడి చేతిలో ఉచ్చు తీగ ఉంది. రెండోవాడు కెమెరాకు మరీ దగ్గరగా నిలబడి ఫోనులో దారి చూసుకుంటున్నాడు. ఆ తెర మీద హెలెన్ గీసిన మ్యాపు, ఆమె చుట్టిన ఎర్ర సున్నాతో సహా.

హెలెన్ ఆ ఎర్ర సున్నా మీద వేలు పెట్టి చూసింది.

"మరి తల్లి?"

"మళ్ల ఏ ఫోటోల రాలే మేడం. ఎదిగిన పిల్లలు రెండూ బతికినయి. వేరే గుహకు పోయినయి."

"ఎక్కడ?" ఆత్రంగా అడిగింది హెలెన్.

కమలాకర్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

"అడిక్‌మెట్‌ల మేడం."