కోటు జేబులో గడియారం

బెజవాడ నుంచి వెంకటసుబ్బారావు గారు వచ్చేలోగా నాన్న శవపేటిక మూయించేయాలని హన్నా తొందరపడుతోంది.

“అంకుల్ దారిలో ఉన్నారంటక్కా. నాన్నకి అంత స్నేహితుడు, ఆగకపోతే బాగోదు,” అన్నాడు తమ్ముడు బెన్నీ.

హన్నా భయమంతా ఆ స్నేహితుడి గురించే. ఆయనకి పాత జేబు గడియారాలు పోగుచేసే పిచ్చి. అందులోనూ స్కెలిటన్ వాచీలంటే ప్రాణం. వాటికి డయలు ఉండదు. పళ్లచక్రాలు, స్ప్రింగు, వాటి చుట్టూ తీగల్లా చెక్కిన నగిషీ అన్నీ అద్దంలోంచి కనబడుతుంటాయి. ఆయన దగ్గర అలాంటివి ముప్ఫై దాకా ఉన్నాయి. నాన్న అబ్రహాము దగ్గర ఒక్కటే ఉంది, తాతల నాటిది. దానిమీద వెంకటసుబ్బారావు గారు ఇరవై ఏళ్ల కిందటే మనసు పారేసుకున్నారు.

“నేను పోయాక తీసుకుందువుగానిలే,” అని నాన్న నవ్వేవాడు. తీరా పోయే ముందు అందరి ఎదుటా అదే మాట చెప్పాడు. “వాచీ సుబ్బారావుకివ్వండి.”

ఇవ్వడానికి అసలుది ఇంట్లో ఉంటే కదా!

రెండేళ్ల కిందట నాన్న గుండె ఆపరేషన్ కోసం హన్నా దాన్ని బెజవాడ వన్‌టౌన్‌లో పాత వస్తువుల కొట్లో అమ్మేసింది. తమ్ముడికి కూడా చెప్పలేదు. అచ్చం అలాంటి నకలు ఆన్‌లైన్‌లో తెప్పించి బీరువాలో పెట్టింది. చూపు మందగించిన నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, “ఆపరేషన్ నాకు జరిగితే హుషారు దీనికొచ్చిందేంటే!” అని మురిసిపోయేవాడు. వెంకటసుబ్బారావు గారు వస్తే మాత్రం హన్నా బీరువా తాళం దాచేసేది. అదృష్టం కొద్దీ ఆయన కూడా ఈమధ్య అడగడం తగ్గించారు.

ఇవాళ తాళం దాచే వీల్లేదు. ఆయన వచ్చీరాగానే బెన్నీ వాచీ తెచ్చి చేతిలో పెట్టాడు.

ఆయన అలవాటుగా జేబులోంచి భూతద్దం తీశారు.

ఏమనుకున్నారో, భూతద్దం మళ్లీ జేబులో పడేశారు. పేటికలోని స్నేహితుడి మీదికి వంగి, వాచీని అతని కోటు జేబులో పెట్టారు.

“వీడి సొత్తు. వీడితోనే పోనివ్వండి.”

జనం నివ్వెరపోయారు. పాస్టర్ గారు ప్రార్థనలో ఆ స్నేహాన్ని రెండుసార్లు తలచుకున్నారు. హన్నా భోరున ఏడ్చింది. తండ్రి కోసమే అనుకున్నారంతా.

భూస్థాపన అయ్యాక, సమాధుల తోట గేటు దగ్గర ఆమె ఉండబట్టలేకపోయింది.

“మీకు దక్కాల్సింది మట్టిపాలైంది అంకుల్.”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“బాధపడకమ్మా, వన్‌టౌన్ కొట్లో అది కంటబడ్డ రోజే కొనేసి, ఈ రెండేళ్లుగా రోజూ పొద్దున్నే నేనే దానికి కీ ఇస్తున్నాను.”