చెవిటి మైకు

“...కావున పురప్రజలందరూ సాయంత్రం ఐదు గంటలకు టౌన్ హాలుకు విచ్చేసి, మన నీళ్ళాయనకు జరిగే సంతాప సభను జయప్రదం చేయవలసిందిగా...”

మైకాయన ఆటోలో కూర్చునే చొక్కా అంచుతో ముక్కు చీదుకున్నాడు. మైకు కట్టేసేలోపు ఆ చీదుడు కూడా నాలుగు వీధులకూ వినిపించింది.

మిట్టమధ్యాహ్నం కావడంతో వీధిలో పిట్ట లేదు. ఆటో పక్కన ఒక సైకిలు వచ్చి ఆగింది.

“ఎవర్రా పోయింది?”

“ఇంకెవరు, మా బావే,” అంటూ తలెత్తిన మైకాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. సైకిలు మీద ఉన్నది బావే. మునిసిపాలిటీ నీళ్ళ ఉద్యోగంలో చివరి రోజని పొద్దున్నే పంపుహౌసుకు వెళ్ళి, వాల్వులన్నిటికీ నూనె పెట్టి ఇంటికి వస్తున్నాడు.

“బావా! నువ్వు బతికే ఉన్నావా?”

“నీ మైకు వినేదాకా అనుమానం రాలేదు. ఒరేయ్ చెవిటి మాలోకం, అది సంతాపం కాదురా, సన్మానం! రిటైరవుతున్నాను, పోవడం లేదు!”

ఆఫీసువాళ్ళు చెప్పమన్నారని పొద్దున మైకాయనకు అక్కే ఫోన్ చేసింది. “సాయంత్రం మీ బావకి సంతాప సభ. ఊరు మొత్తం తిరిగి చెప్పు. హాల్లో కుర్చీలన్నీ వేయించు. ఇంటికి తర్వాత వద్దువుగాని,” అని పెట్టేసింది. ఆయనకు అలాగే వినపడింది మరి. గొంతులో ఏడుపు లేకపోతే, పాపం అక్క గుండె రాయి చేసుకుందనుకున్నాడు.

ఆ చెవులకు ఊళ్ళో అంత మంచి పేరేమీ లేదు. మొన్నామధ్య కమిషనరు ‘ఇంటి పన్ను శిబిరం’ అంటే, ‘ఇంటి’ చెవిన పడక, పన్నంటే నోట్లోదే అనుకుని ఊరంతా టముకు వేశాడు. ముసలీ ముతకా దవడలు పట్టుకుని వచ్చి, బిల్లు కలెక్టరు ముందు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఆ రోజే చైర్మన్ తేల్చేశారు: “ఇంకొక్క తప్పు చెప్పావో, మైకు పీకేసి అందరి ఫోన్లకీ మెసేజీలు పెట్టిస్తా.” మైకాయనకు మైకు తప్ప మరో పని రాదు. అది పోతే ఈ వయసులో పిలిచి పనిచ్చేవాడూ లేడు.

బావను ఆటోలో వేసుకుని, సైకిలు వెనక కట్టుకుని అక్క ఇంట్లో వాలాడు. అక్క నీళ్ళాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“అక్కా, నా కొంప మునిగింది. ఇప్పుడే మళ్ళీ ఊరంతా తిరిగి తప్పయిందని చెప్పొస్తా.”

“ఏమనీ? చచ్చినాయన లేచి సైకిలెక్కాడనా?” అక్క ఇస్త్రీ ఆపలేదు. “ఊరు పగలబడి నవ్వుతుంది. వచ్చినవాళ్ళకి హాల్లోనే చెబుదాంలే. అందాకా ఈయన్ని గడప దాటనివ్వకు.”

“వస్తే కదా చెప్పడానికి!” నీళ్ళాయన మంచం మీద కూలబడ్డాడు. “నిరుడు పెద్ద గుమాస్తా సన్మానానికి ఎంతమందొచ్చారు? నలుగురు. అందులో ఒకడు లైట్లార్పడానికొచ్చిన వాచ్‌మన్. ఇన్నేళ్ళూ నేను ఈ ఊరికి నీళ్ళొదిలాను. ఊరేమో నాకే నీళ్ళొదిలేసింది.”

హాస్యానికే అన్నాడు కానీ తనే నవ్వలేకపోయాడు. వారం నుంచీ ఆయనకు కళ్ళు మూస్తే ఖాళీ కుర్చీలే కనబడుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

సాయంత్రానికి టౌన్ హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక జనం కిటికీలెక్కారు. బతికున్నవాడి కోసం క్షణం తీరిక లేని ఊరు, పోయినవాడి కోసం దుకాణాలు కట్టేసి మరీ వచ్చింది. నీళ్ళాయన తెర వెనక నక్కాడు. మైకాయన నిజం చెప్పబోయేసరికి చైర్మన్ మైకు లాక్కున్నారు. ఎన్నికలయ్యాక ఆయన ఇంత జనాన్ని చూడడం ఇదే మొదలు.

ముందుగా లాండ్రీ ఓనరు లేచాడు. “ఏనాడూ ఒక్క నిమిషం ఆలస్యం చేయని మహానుభావుడు!” అన్నాడు. పోయిన వారమే పంపుహౌసు గేటు ముందు నిలబడి ఆ మహానుభావుణ్ణి ఏడు తరాలు కలిపి తిట్టినవాడు.

తర్వాత మేడమీది ముసలమ్మ మైకు పట్టుకుంది. “నేను తిట్టినన్ని తిట్లు ఆయన్ని ఎవరూ తిట్టి ఉండరు. వరదొచ్చినప్పుడు మెడలోతు నీళ్ళలో దిగి వాల్వు కట్టింది ఆయనేనట. మర్నాడు కుళాయిలో మంచినీళ్ళొస్తే పట్టుకున్నాను గానీ, ఎలా వచ్చాయని అడగలేదు. ఇప్పుడు ఎవర్నడగను?”

తెర వెనక ఎవరో వెక్కిన చప్పుడు వినబడింది.

“ఆయన లేని లోటు...” అని అందుకున్నారు చైర్మన్.

“లోటేం లేదండీ, ఇక్కడే ఉన్నాను,” అంటూ నీళ్ళాయన కళ్ళు తుడుచుకుంటూ తెర తొలగించాడు.

చైర్మన్ వెనక్కి నడిచి తన కుర్చీ అనుకుని పూలకుండీలో కూర్చున్నారు. మైకాయన చేతులు జోడించి, తప్పంతా తన చెవులదేనని ఒప్పేసుకున్నాడు. జనం కాసేపు నోళ్ళు వెళ్ళబెట్టి, ఆ తర్వాత పడీ పడీ నవ్వారు.

“అయితే నేను పొగిడింది వెనక్కి తీసుకోవచ్చా?” అన్నాడు లాండ్రీ ఓనరు.

“మైకులో పడ్డ మాట వెనక్కి పోదు!” అంటూ ముసలమ్మ, ఫొటోకి వేద్దామని తెచ్చిన దండ మనిషికే వేసింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

చైర్మన్ మట్టి దులుపుకుంటూ మైకాయన దగ్గరికి వచ్చారు. “మెసేజీ పెడితే ఇంత జనం వచ్చేవాళ్ళా? మైకు నీ దగ్గరే ఉండనీ. చెవులకి మాత్రం మిషన్ పెట్టించుకో.”

జనం పలచబడ్డాక మైకాయన అక్క పక్కన కుర్చీలో చతికిలబడ్డాడు.

“రేపే మిషన్ పెట్టించుకుంటానక్కా. నువ్వు సన్మానమంటే సంతాపమని విన్న పాడు చెవులివి.”

అక్క గుమ్మం వైపు చూసింది. అక్కడ నీళ్ళాయన మెడలో దండ తీయకుండా, వెళ్ళేవాళ్ళను పట్టుపట్టి ఆపి మరీ వరద కథ చెబుతున్నాడు.

“మిషనేం వద్దులేరా,” అంది మెల్లగా. “నేను సంతాపమనే చెప్పాను.”